అతిథియా? ప్రేక్షకుడా?

దేశాటనము విద్యలో ఒక భాగమని మన పెద్దలు తలంచిరి. తీర్థయాత్ర పేరుతోనైనను ఇల్లు విడిచి, పది ఊళ్ల నీరు త్రాగి వచ్చినవాని మాటకు గ్రామములో ఒక విలువ యుండెడిది. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి, మరుసటి సంవత్సరము తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారిలోని ఊళ్లను, బాటలను, జనుల ఆచారములను దినచర్యగా వ్రాసి యుంచుటచేతనే ఆనాటి దేశస్థితి మనకింతగా తెలియుచున్నది. ఆ కాలపు యాత్రికునికి ప్రయాణకారణ మొకటి కలదు. దారిలోనివారికి ఆ కారణము తెలియును. సత్రము కట్టించినవానికి పుణ్యము, బస చేసినవానికి విశ్రాంతి. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని గల సంబంధమేమో ఇరువురును ఎరుగుదురు.

నేడు లోకమంతట మరియొక విధమైన యాత్రికుడు సంచరించుచున్నాడు. వీపున ఒక సంచి, కాళ్లకు గట్టి బూట్లు, చేత కొద్దిపాటి సొమ్ము. పెద్ద హోటళ్లు వానికి రుచింపవు. అందరును చూచిన గుళ్లు గోపురములు వానికి చాలవు. అడవిదారిని నడచి, కొండజాతుల పల్లెలలో రాత్రి గడపి, అచ్చమైన జీవితమును కన్నులార చూడవలెనని వాని కోరిక. ఇట్టివారికి దీర్ఘకాలముగా ప్రీతిపాత్రమైన ప్రదేశము థాయిలాండు ఉత్తరభాగము. చియాంగ్‌మై నగరము కేంద్రముగా 1970 తరువాతి సంవత్సరములలో పెరిగిన ఈ కొండయాత్ర నేటికిని సాగుచున్నది. మన తెలుగు యువకులును ఇప్పుడు ఆ దారి పట్టుచున్నారు. కోరిక మంచిదే. గదిలో కూర్చుండి లోకమును నిందించుటకంటె నడచి చూచుట మేలు. అయినను ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనక తప్పదు: కొండపల్లెలో రాత్రి గడపిన ఆ యువకుడు ఆ ఇంటికి అతిథియా, లేక ప్రేక్షకుడు మాత్రమేనా?

ముందుగా ఆ యాత్ర ఎట్లు జరుగునో చూతము. సాధారణముగా అది మూడు పగళ్లు, రెండు రాత్రుల వ్యవహారము. నగరములోని యాత్రాసంస్థ సొమ్ము పుచ్చుకొని, కొందరిని ఒక జట్టుగా చేర్చి, వెంట ఒక గైడును పంపును. వెనుక రెండు బల్లలు బిగించిన బండిలో కొండ మొదలువరకు ప్రయాణము. దానిని అక్కడివారు సాంగ్‌తేవ్ అందురు. రెండు వరుసలని ఆ మాటకు అర్థము. అటుపై కాలినడక. వాగులు దాటుచు, వెదురుపొదల నడుమ ఎక్కుచు దిగుచు కొన్ని గంటలు నడచి సాయంకాలమునకు ఒక పల్లె చేరుదురు. గుంజలపై నిలిపిన వెదురుటింటిలో పలుచని పరుపుపై శయనము, పైన దోమతెర. వంట తరచుగా గైడే చేయును. మరునాడు మరియొక పల్లె. మూడవనాడు వెదురుతెప్పపై ఏటివాలున దిగివచ్చి, మరల బండి యెక్కి నగరము చేరుదురు.

పూర్వము ఏనుగుపై సవారి ఈ యాత్రలో ముఖ్యభాగముగా ఉండెడిది. ఏనుగులు పడు బాధనుగూర్చి విమర్శ పెరుగుటచే ఇప్పుడు కొన్ని సంస్థలు దానిని మానినవి. ఆ ఏనుగులును వినోదమునకై పుట్టినవి కావు. 1989లో థాయి ప్రభుత్వము అడవులలో కలప నరుకుటను నిషేధింపగా దూలములు లాగు పని పోయెను. వాటిని పోషించు దారి గానక పెక్కుమంది మావటీలు వాటిని యాత్రికుల యొద్దకు తోలుకొని వచ్చిరి. యాత్రికుడు మూడు దినములలో చూచు ప్రతి దృశ్యము వెనుకను ఇట్టి కథ యొకటి యుండును. అది వానికి చెప్పువారు అరుదు.

ఇక అతడు కలిసికొను జనులెవరు? కారెన్, హ్మాంగ్, లాహూ, ఆఖా, లీసూ, మియెన్, లువా మొదలైన జాతులవారు. అందరును కలిసి సుమారు పది లక్షలమంది. నగరవాసి కన్నులకు వీరందరు ‘కొండజాతులు’ అను నొక ముద్దగా కనిపించినను, ఒకరి భాష మరియొకరి భాష కాదు. ఒకరి ఆచారము మరియొకరిది కాదు. కారెన్లు బర్మావైపునుండి, హ్మాంగులును మియెన్లును దక్షిణ చైనావైపునుండి వచ్చినవారు. లువాలు థాయిలకంటె ముందే ఆ నేలపై నున్నవారని చరిత్రకారులు చెప్పుదురు.

వీరిలో ఆఖాల సంగతి తెలుగు విద్యార్థికి ప్రత్యేకముగా చెప్పదగినది. వారి సంప్రదాయములో తండ్రిపేరు చివరి అక్షరముతో కుమారుని పేరు మొదలగును; కుమారుని పేరు చివరి అక్షరముతో మనుమని పేరు. ఒక పాదము ఏ పదముతో ముగియునో ఆ పదముతో తరువాతి పాదము నెత్తుకొనుటను మన అలంకారశాస్త్రము ముక్తపదగ్రస్తమన్నది. ఆఖాలకు వంశమే ఒక ముక్తపదగ్రస్తము. ఆ గొలుసును పట్టుకొని ఏబది, అరువది తరముల పూర్వుల పేర్లను గ్రంథసహాయము లేక వల్లించు పెద్దలు వారిలో కలరు. మనలో ముత్తాత తండ్రిపేరు చెప్పగలవారెందరు? లిపి తమకు లేకపోవుటకు వారొక కథ చెప్పుకొందురు. పూర్వము తమ అక్షరములు తోలుపై వ్రాసి యుండెననియు, వలసదారిలో ఆకలికి తాళలేక ఆ తోలును తినివేసిరనియు ఆ కథ. ఆకలియు విద్యయు ఎదురుపడినపుడు ఏది గెలుచునో ఇంత సంగ్రహముగా చెప్పిన కథ అరుదు.

ఆఖాల ఊరికి పొలిమేరలో కొయ్యద్వారముండును. అది మనుష్యుల తావునకును, భూతప్రేతముల తావునకును నడుమ హద్దు. దానిని ఏటేట క్రొత్తగా నిలుపుదురు. పరాయివారు దానిని ముట్టరాదు. బొడ్రాయికి నీళ్లుపోసి మ్రొక్కు మన పల్లెవారికి ఇందులో వింత యేమియు తోచదు. అయితే ఫొటో దిగుటకై ఆ ద్వారమునకు వీపు ఆనించి నిలుచు యాత్రికునికి అది చెక్కిన కొయ్య మాత్రమే.

ఈ విషయములన్నియు ఆ రాత్రి ఆ ఇంటిలోనే ఉన్నవి. నిప్పు ప్రక్కన కూర్చున్న ముసలివానికి తెలియును. యాత్రికునికి మాత్రము చేరవు. వానికి ఆఖా భాష రాదు. ముసలివానికి ఇంగ్లీషు రాదు. నడుమ నున్న గైడు పెక్కు సందర్భములలో నగరపువాడు. అతనికిని ఆ జాతి భాష తెలియకపోవచ్చును. ఈ కొండయాత్రలను 1970 దశకము చివరినుండి పరిశీలించిన ఎరిక్ కోహెన్ అను సామాజికశాస్త్రజ్ఞుడు 1989లో ప్రచురించిన వ్యాసములో యాత్రాసంస్థల ప్రకటనలను విమర్శించి, ‘ఆదిమము’, ‘మారుమూల’ అను రెండు భావములే అందు అమ్మకపుసరకని చూపెను. పల్లె యాత్రికులకు అలవాటు పడినకొలది ‘చెడిపోయిన’ పల్లె యనిపించుకొనును. అపుడు జట్లు ఇంకను లోపలి పల్లెను వెదకుచు పోవును.

ఇందులోని అన్యాయమును గమనింపుడు. ఆ ఇంటిపై రేకులు, వాకిట మోటారుసైకిలు, పిల్లవాని చేత సెల్‌ఫోను కనిపించినంతనే మన యాత్రికుని ముఖము చిన్నబోవును. ఇంత దూరము నడచినది దీనికొరకా యని వాని మనస్సు మూలుగును. మన పెంకుటిల్లు పోయి డాబా వచ్చినచో గృహప్రవేశము చేసి పదిమందికి భోజనము పెట్టుదుము. వాని ఇంటిపై గడ్డి పోయి రేకులు వచ్చినచో సంస్కృతి నశించినదని వగతుము. మన కనులపండుగకై మరియొకడు వానలో తడియుచు నుండవలెనని కోరుట సంస్కృతిపై ప్రేమ యనిపించుకొనదు.

అంతకంటె లోతైన విషయ మొకటి కలదు. ఇల్లు ఎవరిదో వారు ఆ ఇంటికి యజమానులుగా ఉన్నారా? థాయి ప్రభుత్వము ఈ జనులను ‘చావ్ ఖావ్’ అని పిలిచెను. కొండవాండ్రని అర్థము. వినుటకు నిర్దోషమైన మాటయే. కాని ఆ మాటలో వీరు మనవారు కారను ధ్వని దశాబ్దములుగా వినిపించెను. ఆ కొండలలోనే పుట్టి, ఆ కొండలలోనే పెరిగియు, పౌరసత్వపత్రము లేక బ్రదికినవారు లక్షలమంది. అందరి స్థితియు ఇట్టిదే యని కాదు; పెక్కుమందికి పౌరసత్వము లభించినది. లభింపనివారు మాత్రము తమకు నిర్ణయించిన ప్రాంతము దాటుటకే అధికారుల అనుమతి కోరవలసి యుండును. ఉన్నతవిద్య, ఉద్యోగము, భూమి, అన్నియు వారికి దుర్లభములే. దీర్ఘకాలముగా దేశములో నివసించుచున్న ఇట్టివారికిని, అక్కడ పుట్టిన వారి బిడ్డలకును, మొత్తము సుమారు 4,83,000 మందికి శాశ్వతనివాసమునో పౌరసత్వమునో త్వరితముగా నిచ్చు ఏర్పాటును ఆ దేశపు మంత్రివర్గము 2024 అక్టోబరులో ఆమోదించినది. సంతోషింపదగిన విషయమే. సమస్య ఎంత పెద్దదో కూడ ఆ సంఖ్యయే చెప్పుచున్నది.

ఒక ఇంటిలో ఆ రాత్రి ఇరువురు పడుకొనిరనుకొందము. ఒకని సంచిలో పాస్‌పోర్టు కలదు. వాడు సముద్రములు దాటి వచ్చెను. రెండవవాడు ఆ ఇంటివాడు. పొరుగుజిల్లాకు పోవలెనన్నను వానికి చీటీ కావలెను. ఉదయము లేచి మొదటివాడు రెండవవానితో, మీ జీవితమెంత స్వేచ్ఛామయము అనును!

నేల సంగతియు అట్లే. పెక్కు కొండపల్లెలు రక్షితారణ్యములుగానో జాతీయోద్యానములుగానో ప్రకటింపబడిన భూములలో నున్నవి. 2,565 మీటర్ల ఎత్తుతో ఆ దేశములోకెల్ల ఉన్నతమైన డోయ్ ఇంథనాన్ శిఖరము చుట్టును జాతీయోద్యానము 1972లో ఏర్పడెను. అందలి కారెన్, హ్మాంగ్ పల్లెలు అంతకుముందునుండియే ఉన్నవి. ఊరు పాతది, చట్టము క్రొత్తది. అయినను అనుమతి కోరవలసినవాడు ఊరివాడే. కారెన్లు ఒక చెలకను కొలదికాలము సాగుచేసి, పలు సంవత్సరములు బీడు విడిచి, అడవి మరల పెరిగిన పిమ్మట ఆ చెలకకే తిరిగివత్తురు. మన పోడు వ్యవసాయము నెరిగినవారికి ఈ పద్ధతి తెలిసినదే. దీనికిని అడవులను శాశ్వతముగా నరికివేయుటకును భేదము చూడని అధికారులు అక్కడను కలరు. నల్లమందు వ్యాపారమును థాయిలాండు 1959లో నిషేధించెను. ఆ పంటకు బదులుగా క్యాబేజి, స్ట్రాబెర్రి, కాఫీ మొదలైనవి పండించు రాజప్రాజెక్టు 1969లో మొదలయ్యెను. పంట మార్చుకొన్నవారు కొండవారు. అయినను చాలకాలము కొందరు యాత్రికులు ఆ పల్లెలలో నల్లమందు పీల్చిచూచుటనే ఘనకార్యముగా చెప్పుకొనిరి. పీల్చినవాడు మరునాడు వెడలిపోయెను. అపకీర్తి పల్లెకు మిగిలెను.

ప్రేక్షకత్వము పరాకాష్ఠకు చేరిన చోటు మేహాంగ్‌సాన్ ప్రాంతములోని కయన్ పల్లెలు. స్త్రీలు మెడకు ఇత్తడి కడియములు చుట్టుకొను ఈ జాతివారు బర్మాలోని కల్లోలమునుండి తప్పించుకొని వచ్చిన శరణార్థులు. వారి పల్లెలో అడుగిడుటకు విదేశీయులు ప్రవేశరుసుము చెల్లింపవలెను. వీరిలో కొందరికి న్యూజిలాండు వంటి దేశములు ఆశ్రయమిచ్చుటకు సిద్ధపడినను, థాయిలాండు విడిచిపోవుటకు వారికి అనుమతి దొరకలేదు. 2008లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఈ విషయమును బయటపెట్టి, యాత్రికులు ఆ పల్లెలకు పోకుండుట మేలని సూచించెను. పోవుటకు వీలులేని మనిషిని చూచుటకు టిక్కెట్టు కొనుట యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినచో ఈ యాత్రలన్నియు మానవలెనా? కొందరు సజ్జనులు అట్లే యనుచున్నారు. వారి మాటను నేను అంగీకరింపజాలను. తలుపులు మూసి కొండవారిని కొండపైననే ఉంచుటయు ఒకవిధమైన ప్రదర్శనశాలయే. రొక్కము వారికిని కావలెను. పిల్లల చదువునకు, వైద్యమునకు, ఎరువులకు రొక్కమే కావలెను. డోయ్ ఇంథనాన్‌పై మే క్లాంగ్ లువాంగ్ అను కారెన్ పల్లెవారు తమ వరిమడుల నడుమ తామే బసలు నడుపుచు, తాము పండించిన కాఫీని వచ్చినవారికి కాచి పోయుచున్నారు. ఆ పర్వతముపైననే క్యూ మే పాన్ అను కాలిబాటలో స్థానికుడైన మార్గదర్శిని వెంట పెట్టుకొనవలెనను నియమము కలదు. ఆ పని హ్మాంగులు చేయుచున్నారు. ఇట్టిచోట యాత్రికుడు ఏ దారిని నడువవలెనో చెప్పువాడు ఆ ఊరివాడు. ఇది మంచిమార్పు.

మరికొందరు, సొమ్ము చెల్లించితిమి, ఇక ఋణమేమున్నది అందురు. ఎవరికి చెల్లించితిరని నా ప్రశ్న. నగరపు సంస్థకు చెల్లించిన దానిలో రాత్రి నిప్పు రాజేసి నీళ్లు తెచ్చిన గృహిణి చేతికి చేరినదెంత? అడిగి తెలిసికొనిన యాత్రికులు తక్కువ. అడిగినంతమాత్రముననే గైడు ముఖములో కలుగు మార్పు కొంత చెప్పును.

నా అభిప్రాయములో ఈ చర్చకంతకు మూలమైన మాట యొకటే. అతిథిని దేవునిగా చూడుమని మన ధర్మము గృహస్థునకు చెప్పినది. ఆ ధర్మము చెల్లుటకు ముందు గృహస్థు గృహస్థుగా ఉండవలెను. తలుపు తీయుటకును, తీయకుండుటకును అధికారమున్నవాడు తలుపు తీసినపుడే అది ఆతిథ్యము. వీలుకాదు అని చెప్పు శక్తి లేనివాని ఇంటిలో చొరబడి పొందినది, ఎంత చిరునవ్వుతో లభించినను, ఆతిథ్యము కాదు. పౌరసత్వము, భూమి, వెల నిర్ణయించు హక్కు, తన కథను తన నోట చెప్పు అవకాశము — ఇవి కలిగినంతమేరకే కొండవాడు గృహస్థు. అతడు గృహస్థయినంతమేరకే మనము అతిథులము.

ఇది పరదేశపు కథ కదా యని మనము నిశ్చింతగా నుండరాదు. అరకులోయకు, పాడేరునకు, మారేడుమిల్లి అడవులకు ప్రతి శీతకాలమునను మన పాఠశాలలనుండియు కళాశాలలనుండియు బస్సులు బయలుదేరుచున్నవి. కొండవారి ధింసా నృత్యము వారి పండుగలలో పుట్టినది. ఊరంతయు చేతులు కలిపి ఆడునది. ఇప్పుడది బసల ముంగిట, భోజనానంతరము, మనము కోరిన గంటకు ఆడునదిగా కూడ మారినది. అయినను మన కొండవారికి చట్టమిచ్చిన అండ కొంత కలదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండ 1970లో వచ్చిన నిబంధన — జనులు దానిని వన్ ఆఫ్ సెవెంటీ అందురు — ఆ భూమిని గిరిజనునికే నిలుపుచున్నది. 1997లో సమతా కేసులో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణను బలపరచెను. ఆ నిబంధనకు తూట్లు పొడుచు యత్నములు ఎన్ని జరిగినను, కొండవాడు గృహస్థుగా నిలుచుటకు ఆధారమదియే. అరకులో బస చేయు విద్యార్థికి లోయ అందముతోపాటు ఈ రెండు సంవత్సరములను కూడ ఉపాధ్యాయుడు చెప్పవలెను.

కొండవారి యింటికి ఎట్లు పోవలెనో మనకు చూపినవారు మన ఉపాధ్యాయవర్గములోనే కలరు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేయుచు, ఆ ప్రాంతపు సవరలు తెలుగువారి నడుమ నోరులేనివారివలె తిరుగుట చూచిరి. తెలుగు తెలిసిన సవర నొకని చేరదీసి అతనియొద్ద శిష్యుడై భాష నేర్చుకొనిరి. సవరల బిడ్డలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి, స్వంత సొమ్ముతో బడులు పెట్టించిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. కొండలలో తిరుగుటచే వచ్చిన మలేరియాకు క్వినైను పుచ్చుకొనగా వారికి చెవుడు వచ్చెనని చెప్పుదురు. ఒక జాతి మాటను వినుటకు పోయి తన వినికిడినే పోగొట్టుకొన్న ఆ మహనీయుని వాడుకభాషావాదముతో ఏకీభవింపనివారు సైతము, ఆ శిష్యరికమునకు తలవంచక తప్పదు.

అందరును గిడుగువారు కాలేరు. మూడు దినములకై పోవు యువకుడు వ్యాకరణము వ్రాయలేడు. కాని ఆ జాతి పేరు సరిగా పలుకుట, నమస్కారమునకు, నీళ్లకు, అన్నమునకు వారి మాటలేవో పోకముందే నేర్చుకొనుట వానికి సాధ్యమే. ఫొటో తీయుటకు ముందు అడుగుటయు, ‘వద్దు’ అన్నచో నవ్వుచు పెట్టె మూయుటయు సాధ్యమే. ఇంటివారికి ఎంత ముట్టునో ముందుగానే విచారించి, ఊరివారే నడుపు బసను ఎంచుకొనుట సాధ్యమే. పిల్లలకు బిళ్లలు విసరి వారికి చేయిచాపుట నేర్పకుండుట సాధ్యమే. విహారయాత్రనుండి వచ్చిన విద్యార్థులచే ఉపాధ్యాయులు వ్యాసము వ్రాయించుట పరిపాటి. ఈసారి ‘నేను చూచిన కొండజాతి’ అని శీర్షిక నీయక, ‘ఆ ఇంటివారు నన్నడిగిన ప్రశ్నలు’ అని యిచ్చి చూడుడు. ఎందరి కాగితములు తెల్లగా తిరిగివచ్చునో చూచిన, ఎందరు అతిథులుగా పోయిరో, ఎందరు ప్రేక్షకులుగా పోయిరో తెలిసిపోవును.

చియాంగ్‌మై కొండలలోనైనను, అరకులోయలోనైనను పరీక్ష యొక్కటే. ‘ఈ రాత్రికి వీలుకాదు, మరియొకనాడు రండి’ అని ఆ ఇంటి ఇల్లాలు ఎవరికిని జంకక చెప్పగలిగినచో, ఆమె రమ్మన్ననాడు ఆ గడప దాటువాడు అతిథి.